పొగక్క అడిగిన బట్టీ

గెలిచిన మనిషి లేచి నిలబడి, ఈ గెలుపు నాకొద్దు అనడం బట్టీల సంఘం సెక్రటరీ తన జన్మలో చూడలేదు.

కమిటీ గదిలో ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా టీ గ్లాసులు బరువు పెట్టారు. పెద్దాఫీసరు ముసాయిదా చదవడం ముగించి గ్లాసు మళ్లీ దాని మీద పెట్టాడు. వచ్చే సీజన్ నుంచి నగరం చుట్టూ ఉన్న పాత ఇటుక బట్టీలన్నీ మూత. మినహాయింపులు లేవు. సెక్రటరీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. వెనక వరసలో బట్టీల యజమానులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అవతలి వరసలో, మంచి గాలి కోసం పోరాడే సంస్థ వాళ్లు బల్ల కింద చేతులు కలుపుకుంటున్నారు. ఈ కాగితం కోసమే వాళ్లు ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగారు.

ఆ వరసలోంచే లేచింది పొగక్క. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది, గొంతు మాత్రం గది చివరిదాకా వినబడుతుంది. పొగ గురించి తప్ప ఇంకో మాట ఎత్తదని బట్టీల వాళ్లు వెక్కిరింతగా పెట్టిన పేరది. తర్వాత ఆఫీసుల్లో కూడా అదే స్థిరపడిపోయింది.

"సార్, ఇది వద్దు."

"ఏది వద్దు?"

"మూసెయ్యడం."

పెద్దాఫీసరు కళ్లజోడు తీసి చూశాడు. "అమ్మా, మీరు అడిగిందే కదా ఇది! మీ అర్జీల బరువుకి మా బీరువా తలుపు ఊడిపోయింది."

"పొగ ఆపమని అడిగాను సార్. బట్టీ ఆపమనలేదు. పోయినేడు అవతలి జిల్లాలో మూయించారు కదా, వెళ్లి చూసొచ్చాను. బట్టీలు మూతపడ్డాయి, పొగ మూతపడలేదు. పొలాల్లో దొంగచాటుగా చిన్న చిన్న బట్టీలు పెట్టి, చిమ్నీ కూడా లేకుండా, పాత టైర్లు వేసి కాలుస్తున్నారు. ఇల్లు కట్టుకునేవాడు ఇటుక మానేస్తాడా? ఇదివరకు పొగ ఎక్కడుందో చిమ్నీ చూసి చెప్పేవాళ్లం. ఇప్పుడు అదీ లేదు."

"మరేం చెయ్యమంటారు?"

"ఇటుక పేర్చే తీరు, బొగ్గు వేసే తీరు మారిస్తే ఇవే బట్టీలు పొగ లేకుండా కాలతాయి. బొగ్గూ తగ్గుతుంది. అది తగ్గితే మన ముక్కులకే కాదు, పైన భూమి వేడెక్కడానికీ ఆ మేరకి అడ్డుపడినట్టే. ఒక్క బట్టీ ఇవ్వండి, ఒక్క సీజను. చెప్పా పెట్టకుండా రండి. వచ్చిన రోజు చిమ్నీలోంచి నల్లపొగ కనబడితే ఈ కాగితం మీద సంతకం పెట్టేయండి. నేను మళ్లీ ఈ గది గడప తొక్కను."

సెక్రటరీకి నోరు ఊరుకోలేదు. "పొగ సంగతి సరే. ఇటుక చెడితే?"

"చెడితే మీవాళ్లలో ఒక్కరూ మారరు అన్నయ్యా. అప్పుడూ మునిగేది నేనే."

"ఏ బట్టీలో చేస్తారు?" అన్నాడు ఆఫీసరు.

ఆమె తల తిప్పి సెక్రటరీ వైపు చూసింది. "మా అన్నయ్య బట్టీలో."

ఈ అన్నయ్య పిలుపు వింటేనే అతనికి ఒళ్లు మండేది. మొదటిసారి ఎదురుపడ్డ రోజే అలా పిలిచింది. అప్పుడతను నిండు సభలో, "మీ ఇల్లు దేనితో కట్టారు మేడమ్, పొగతోనా?" అని అడిగి తన వాళ్ల చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆమె ఏమాత్రం తొణక్కుండా, "ఇటుకతోనే అన్నయ్యా. బహుశా మీదే. అందుకే అడుగుతున్నా" అంది. చప్పట్లు ఆగిపోయాయి. నాకున్న చెల్లెళ్లు చాలు అని ఇంటికెళ్లి భార్య దగ్గర విసుక్కున్నాడు.

ఆ తర్వాత ఆమె మీద ఏదో ఒక మచ్చ దొరక్కపోతుందా అని ఆరా తీయించాడు. సంఘం గుమాస్తా ఆమె పాత ఆఫీసుకి వెళ్లాడు, ఇరుగుపొరుగుని కదిపాడు, చివరికి ఆమె భర్త కళ్లజోళ్ల దుకాణంలో కూడా కూర్చున్నాడు. కొత్త కళ్లజోడు పెట్టుకుని తిరిగొచ్చాడు తప్ప మచ్చ పట్టుకు రాలేదు. తెచ్చిన కబుర్లు మాత్రం సెక్రటరీ మనసులో ఉండిపోయాయి.

ఆమె రేడియోలో వాతావరణం చదివేదట. స్టూడియో కిటికీలోంచి చూస్తే ఎదుటి భవనం కనబడని ఉదయాల్లో కూడా ఆమె చేతికి వచ్చే కాగితంలో పొగమంచు అనే ఉండేది. ఇది మంచు కాదు కదండీ, కళ్లు మండుతున్నాయి అని పైవాళ్లకి చెప్పి చెప్పి విసిగిపోయింది. ఒక ఉదయం మైకు ముందు కూర్చుని, కాగితం పక్కన పెట్టి, "బయట ఉన్నది మంచు కాదు, పొగ. పసిపిల్లల్ని బయటికి తీసుకురాకండి" అని చదివేసింది. మధ్యాహ్నానికల్లా ఆమెని పాత రికార్డుల దుమ్ము దులిపే గదికి మార్చారు. దుమ్ము దులపడానికే అయితే ఊళ్లో బోలెడుంది అని ఉద్యోగం వదిలేసింది.

"ఇప్పుడేం చేస్తావు?" అని భర్త అడిగాడట.

"అది మంచు కాదని రుజువు చేస్తా."

"కాస్త త్వరగా చెయ్యి. కొట్లో అద్దాలు తుడవలేక నా చేతులు పడిపోతున్నాయి."

గాలి పీల్చే చిన్న పంపు ఒకటి సంపాదించి భుజాన తగిలించుకుంది. దానిలో పెట్టే గుండ్రటి తెల్ల కాగితాలు సంచిలో వేసుకుని బస్సు డిపోల దగ్గర, ఆసుపత్రి గేట్ల దగ్గర, బడి మైదానాల్లో రోజంతా నిలబడేది. పొద్దున తెల్లగా పెట్టిన కాగితం సాయంత్రానికి కాటుక డబ్బా మూతలా తయారయ్యేది. దాన్ని తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద, టీ కప్పు పక్కన పెట్టేది. ఉపన్యాసం ఉండదు. "ఇది మీ వరండాలోదే సార్" అనేది, అంతే. ఆ టీ తాగిన ఆఫీసరు లేడని గుమాస్తా నవ్వుతూ చెప్పాడు.

అలా మొదలై, డిపోల్లో నిలబడి ఉన్న బస్సుల ఇంజన్లు ఆపించింది. ఆసుపత్రుల జనరేటర్ల పొగ గొట్టాలు వార్డుల కిటికీల వైపు ఉండకూడదని నిబంధన రాయించింది. ఒక్కో నిబంధన ఆమె వయసులో కొన్నేళ్లు మింగేసింది. ఫొటోలు దిగి అందరూ వెళ్లిపోయాక ఆమె ఒక్కతే కూర్చుని, ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టే కాగితం మీదకి ఎక్కిందా లేదా అని చూసుకుని కదిలేది. పెద్ద పెద్ద సదస్సులకి కూడా పిలిచారు. ఒకసారి వెళ్లొచ్చి, "చలి పుట్టేంత చల్లటి హాల్లో కూర్చుని భూమి వేడెక్కుతోందని బాధపడ్డాం" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే పంపు తగిలించుకుని బట్టీల రోడ్డు పట్టింది. అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేదట. "మా కోడలివి గాలి తిరుగుళ్లు. దాచుకోవడానికేముంది, గవర్నమెంటుకి కూడా తెలుసు."

అలాంటి మనిషి, తీరా కాగితం చేతికొచ్చాక కాదంది. ఎందుకో సెక్రటరీకి అంతుపట్టలేదు. తన తల కాపాడిందని సంతోషించాలో, తన బట్టీని ఇరికించిందని తిట్టుకోవాలో తెలియలేదు.

ఆమె సంస్థ వాళ్లకి మాత్రం ఏ అనుమానమూ లేదు. బట్టీల వాళ్లకి అమ్ముడుపోయింది అన్నారు. ఆమె చేతుల మీద పని నేర్చుకున్న పిల్లే పేపరు వాళ్ల ముందు ఆ మాట అంది. ఆఫీసులో ఆమె కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. సీజన్ మొదలైన రోజు ఆమె బస్సు దిగి, చేతిలో మంచినీళ్ల సీసాతో, బట్టీ గేటు దగ్గర ఒక్కతే నిలబడింది.

"మీవాళ్లెవరూ రాలేదా?" అన్నాడు సెక్రటరీ.

"మీరున్నారుగా."

అతను పక్కకి జరిగి గేటు తెరిచాడు.

పని మొదలైంది. ఇన్నాళ్లూ ఇటుకల్ని గాలి తిన్నగా దూసుకుపోయేలా వరసలుగా పేర్చేవారు. ఇప్పుడు గాలి పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. అలా తిరిగే గాలి మంటతో బాగా కలిసి బొగ్గుని పూర్తిగా కాలుస్తుందని ఆమె వేరే చోట్ల చూసొచ్చింది. పేర్చేవాళ్లు, ఇది గోడా, జడా అని గొణుక్కుంటూనే పేర్చారు. పైన బూడిద పరిచారు. బొగ్గు వేసే రంధ్రాలకి ఇనప మూతలు పెట్టారు. నిప్పు అంటించారు.

పచ్చి ఇటుకల్లోని తడి ఆవిరయ్యేదాకా తెల్లటి పొగ వచ్చింది. అది మామూలే. తర్వాత నలుపు మొదలైంది. ఎన్నడూ లేనంత నలుపు. చిమ్నీ నోట్లోంచి గేదెలు తోసుకుంటూ బయటికి వస్తున్నట్టు ముద్దలు ముద్దలుగా వచ్చింది. పక్క బట్టీల యజమానులు పనిమాలా కారేసుకుని చూడ్డానికొచ్చారు.

"ఏం సెక్రటరీ, పొగక్క వచ్చి పొగని బాగా పెంచిందే!"

"పేరు నిలబెట్టుకుంటోందయ్యా ఆవిడ."

సెక్రటరీ మొహం మాడ్చుకుని బట్టీ మీదికి ఎక్కాడు. పైన నేల పెనంలా ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లు టైరు పట్టీలు కొట్టిన చెక్క చెప్పులు వేసుకుంటారు. పొగక్క కూడా ఎవరివో పెద్ద సైజు చెప్పులు వేసుకుని, నిప్పు మేస్త్రి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. నిప్పు మేస్త్రి అంటే ఆ రంధ్రాల్లో బొగ్గు వేసే పెద్దాయన. సెక్రటరీ తండ్రి కాలం నుంచి ఆ మంట ఆయనదే. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్లీ రాలేదు. సెక్రటరీ కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు.

"నా మంట గురించి నాకు చెప్పకమ్మాయ్" అంటున్నాడు ముసలాయన. "ఈ పొగ చూశావూ? ఇదీ బలం. పొగ ఎంత చిక్కగా ఉంటే లోపల మంట అంత గట్టిగా ఉన్నట్టు."

సెక్రటరీ కూడా అదే నమ్మకంతో పెరిగాడు. రోజూ నిద్ర లేవగానే డాబా ఎక్కి చిమ్నీ చూసుకునేవాడు. నల్లగా కనబడితే మనసు చల్లగా ఉండేది.

"చెప్పడం లేదు బాబాయ్, అడుగుతున్నా" అంది పొగక్క. "బొగ్గు ఎప్పుడు వేస్తారు?"

"లోపల రంగు చూసి వేస్తా. మూత తీస్తా, చూస్తా, పార నిండా వేస్తా, మూత పెట్టి కాసేపు నడుం వాలుస్తా."

"వేశాక లోపల ఎలా ఉంటుంది?"

ముసలాయన చేతిలోని పార వైపు చూసుకున్నాడు. "వేశాక చూసేదేముంది? వేసేశాం కదా."

"ఎప్పుడూ చూడలేదా?"

"వేసిన వెంటనే మూత పెట్టాలి. మా నాయనా అంతే, వాళ్ల నాయనా అంతే."

"ఒక్కసారి పెట్టకుండా చూద్దామా?"

ముసలాయన సెక్రటరీ వైపు చూశాడు. ఏం పోయింది, పోయేదంతా ఎలాగూ పోతోంది అన్నట్టు అతను చెయ్యి ఊపాడు. పెద్దాయన పార నిండా బొగ్గు తీసి రంధ్రంలో కుమ్మరించాడు. మూత పెట్టలేదు. ముగ్గురూ వంగి చూశారు.

లోపల ఎర్రగా మెరుస్తున్న ఇటుకలు దీపం మీద దుప్పటి కప్పినట్టు ఒక్కసారిగా నల్లబడ్డాయి. మంట లేదు. బొగ్గు కుప్పలోంచి పొగ మాత్రం సుళ్లు తిరుగుతోంది. అంతలో చిమ్నీ మరో నల్ల ముద్ద కక్కింది. ముసలాయన కిందికి చూశాడు, పైకి చూశాడు. లోపల మళ్లీ ఎర్రదనం రావడానికి ఎంతసేపు పట్టిందంటే, ఆయన అలా వంగే ఉండలేక మోకాళ్ల మీద చేతులు ఆనించుకోవాల్సి వచ్చింది.

పొగక్క కూలీల గుడిసెలోంచి ఒక పెద్ద గరిటె తెప్పించింది.

"ఏంటిది, నిప్పుకి వడ్డిస్తావా?" అని నవ్వాడు ముసలాయన.

"ఆకలేసినంతే పెడదాం బాబాయ్. మీరు ఇప్పటిదాకా గొంతులో కుక్కారు."

నలగ్గొట్టిన బొగ్గు ఒక గరిటెడు వేశారు. లోపల పడీ పడకముందే అది మంట అయిపోయింది. ఇటుకల మెరుపు తగ్గలేదు. ఇంకో రంధ్రంలో ఇంకో గరిటె. మళ్లీ అంతే. ముసలాయన గరిటె తీసుకుని ఇంకో రెండు రంధ్రాల్లో తనే వేసి చూశాడు. లేచి, తన పారని కాలితో తన్నాడు. అది బట్టీ అంచు మీంచి జారి కింద ఇసుకలో పడింది.

"అబ్బాయ్," అన్నాడు సెక్రటరీతో, "ఇలా వెయ్యాలంటే నడుం వాల్చడానికి కుదరదు. గరిటె మీద గరిటె పడుతూనే ఉండాలి. నా ఒక్కడి వల్ల కాదు. ఇంకో ఇద్దరు మనుషులు కావాలి. పైన నీడ కావాలి."

"రాసుకోండి అన్నయ్యా" అంది పొగక్క, మొహానికి పట్టిన బూడిద మోచేత్తో తుడుచుకుంటూ.

నీడకి రేకులు వేయించి, మనుషుల్ని పెట్టి, సెక్రటరీ రెండు రోజులు ఇటుకల బేరం మీద పక్క ఊరు వెళ్లాడు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున నిద్ర లేచి అలవాటు ప్రకారం డాబా ఎక్కాడు. చిమ్నీ వైపు చూశాడు.

పొగ లేదు.

నలుపు లేదు, తెలుపు లేదు. చిమ్నీ పైన ఆకాశం ఖాళీగా ఉంది. నిప్పు చచ్చిపోయింది! సీజన్ మధ్యలో నిప్పు చావడమంటే లోపలున్న ఇటుకంతా పచ్చి మట్టి. మళ్లీ పేర్చాలి, మళ్లీ అంటించాలి. ఈలోగా కమిటీ దిగిందంటే ఇక అందరి బట్టీలకీ తాళమే. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే బండి తీశాడు. "టిఫినైనా చేసి వెళ్లండి" అని భార్య అరుస్తూనే ఉంది.

బట్టీ ఎక్కేసరికి పొగక్క, ముసలాయన, కొత్తగా వచ్చిన ఇద్దరు రేకుల నీడలో తీరిగ్గా గరిటెలు తిప్పుతున్నారు.

"చంపేశావు కదమ్మా! మూతలు తియ్యండి! బాబాయ్, పారేదీ?" అని అతనే కిందికి దూకి, ఇసుకలోంచి పార లాక్కొచ్చి, బొగ్గు నింపి రంధ్రం దగ్గరికి వచ్చాడు. ముసలాయన మూత మీద చెక్క చెప్పు కాలు పెట్టాడు.

"కాలు తియ్యి బాబాయ్!"

"ముందు చూడు. తర్వాత వేసుకుందువుగాని."

కాలు తీసి, ఇనప కొక్కెంతో మూత లేపాడు. సెక్రటరీ వంగాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అతను ఆ రంధ్రాల్లోకి చూస్తూనే ఉన్నాడు. ఎరుపు చూశాడు, ముదురు ఎరుపు చూశాడు, పొగ చాటున మంట చూశాడు. ఇది చూడలేదు. లోపల ఇటుకలు వేటికవి వెలుగుతున్నాయి. బయటి నుంచి మంట తగిలినట్టు కాదు, వాటి లోంచే వెలుగు పుట్టినట్టు. ఒక ఇటుకకీ ఇంకో ఇటుకకీ మధ్య అంచు ఎక్కడుందో కనబడ్డం లేదు. మంటకి రంగు లేదు. వేడికి గాలి వణుకుతుంటే, ఆ వణుకు వెనక ఇటుకల వరసలు మెలికలు తిరుగుతూ ఎటో లోతుకి పోతున్నాయి. లోపల ఇంత జరుగుతోంది. పైన చిమ్నీ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

పార అతని చేతిలోనే ఉంది. ఎంతసేపు అలా ఉన్నాడో, మొహం కాలుతున్నట్టయ్యి వెనక్కి జరిగాడు.

"ఇన్నాళ్లూ మనం పైకి పంపిందంతా కాలని బొగ్గే కదా బాబాయ్" అన్నాడు, పార కింద పెడుతూ.

"నన్నడుగుతావేం? నేనూ మొన్ననే కదా చూశాను" అన్నాడు ముసలాయన.

కమిటీ అన్న మాట ప్రకారం చెప్పా పెట్టకుండా దిగింది. జీపు గేట్లోకి రావడంతోనే పెద్దాఫీసరు చిమ్నీ వైపు చూసి మొహం చిట్లించాడు. సెక్రటరీ ఎదురెళ్లి నమస్కారం పెట్టాడు. ఆయన తిరిగి పెట్టలేదు.

"ఏమయ్యా, మేమంత వెర్రివాళ్లలా కనబడుతున్నామా?"

"సార్?"

"మేం వస్తున్నామని ఎవడో చెప్పుంటాడు. బట్టీ ఆర్పేసి, పొగ లేదు చూడండి అంటారా? ఆర్పిన పొయ్యిలోంచి పొగ రాదని మాకు తెలీదా?"

"ఆర్పలేదు సార్, నిజంగా, కాలుతోంది..."

"ఏది, ఎక్కడ?" ఆయన పొగక్క వైపు తిరిగాడు. "మీ నుంచి ఇది అనుకోలేదమ్మా. ఇన్నేళ్లుగా మిమ్మల్ని చూస్తున్నా. అబద్ధం ఆడని మనిషనుకున్నా."

సెక్రటరీ ఆమె మొహంలోకి చూశాడు. అమ్ముడుపోయిందని సొంతవాళ్లు అన్నప్పుడు ఎలా తీసుకుందో అతనికి తెలీదు. ఇప్పుడు మాత్రం కళ్లారా చూశాడు. పెదవి ఒకసారి బిగుసుకుంది, అంతే. "పైకి రండి సార్" అంది. చెక్క చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అవసరం లేదు" అని ఆయన తన తోలు బూట్లతోనే మెట్లెక్కాడు. చెప్పేది వినకుండా బట్టీ నడిమధ్యకి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కడయ్యా నిప్పు? ఒక్క నిప్పురవ్వ చూపించు. రికార్డులో ఏం రాసుకోమంటావు, బట్టీ చల్లగా ఉందనా? మీ సంఘం వాళ్లందరూ కలిసి..."

ఆగి, గాలి పీల్చాడు. ఏదో మాడు వాసన.

"సార్," అన్నాడు ముసలాయన చాలా మర్యాదగా, "తమరి బూట్లు కాలుతున్నాయి."

ఆయన ఒక కాలెత్తాడు. అడుగు జిగురులా సాగింది. రెండో కాలెత్తబోయి తూలాడు. సెక్రటరీ ఒక రెక్క, పొగక్క ఒక రెక్క పట్టుకుని నీడలోకి లాక్కొచ్చారు. కిందున్న కూలీలు మొహాలు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వారు. ఈసారి ఆయనే అడిగి చెక్క చెప్పులు వేసుకున్నాడు. ముసలాయన మూత లేపాడు.

ఆఫీసరు వంగి చూశాడు. ఇంకాస్త వంగాడు. ఆయన కళ్లజోడు అద్దాల్లో రెండు చిన్న సూర్యుళ్లు కనబడ్డాయి సెక్రటరీకి. పైకి లేచి చిమ్నీ చూశాడు. మళ్లీ వంగాడు. చిన్నప్పుడెప్పుడో పోగొట్టుకున్న గొంతుతో, "ఇదంతా... ఇప్పుడే... మండుతోందా?" అని అడిగాడు. వెంట వచ్చిన మనిషి చిమ్నీకున్న రంధ్రంలో గొట్టం పెట్టి పరికరంతో కొలిచి, అంకె చూసి, పరికరం పాడైందనుకుని మళ్లీ కొలిచాడు. మళ్లీ అదే వచ్చింది.

మెట్లు దిగుతూ ఆఫీసరు, "పొగ సంగతి నేను చూసుకుంటా. నియమం తిరగరాయిస్తా, మార్చుకోవడానికి గడువిస్తా" అన్నాడు. తర్వాత ఆగి, "కానీ ఇటుక? అది బాగా లేకపోతే నేను గడువిచ్చి ఏం లాభం? వీళ్లు ఒక్కరూ మారరు. మళ్లీ ఆ మూత కాగితమే గతి" అన్నాడు.

"తెలుసు సార్" అంది పొగక్క.

కాలిన ఇటుక చల్లారి బయటికి తీసే రోజున సంఘం అంతా వచ్చింది. ఎవరూ జోకులు వేయడం లేదు. వేసేవాళ్లు కూడా గోడ విప్పుతున్న వైపే చూస్తున్నారు. ఇటుక మంచిదో కాదో రెండు ఇటుకలు చేతిలోకి తీసుకుని కొడితే తెలిసిపోతుంది. సరిగ్గా కాలనిది మట్టి ముద్దలా దబ్బుమంటుంది. రంగు మోసం చేస్తుంది గానీ చప్పుడు మోసం చెయ్యదు.

సెక్రటరీ పై వరస ముట్టుకోలేదు. అడుగున, మూలకి చెయ్యి పెట్టాడు. పాత పద్ధతిలో అక్కడే ఇటుక సగం పచ్చిగా ఉండిపోయేది. రెండు ఇటుకలు లాగి, దుమ్ము ఊది, ఒకదానితో ఒకటి కొట్టాడు.

ఖంగుమంది.

ఇంకో రెండు తీశాడు. ఇంకో మూల నుంచి. మళ్లీ ఖంగుమంది. గంట మోగిన తర్వాత కాసేపు గాలిలో నిలిచే మోత ఉందే, అది కూడా ఉంది. వెనక యజమానులు కదిలారు. ఒకాయన తోసుకుంటూ వచ్చి తనూ రెండు తీసుకుని కొట్టాడు. ఇంకొకాయన చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు. చూస్తుండగానే అందరి చేతుల్లోనూ ఇటుకలే. ఆవరణంతా ఆ మోతతో నిండిపోయింది. ముసలాయన బట్టీ గోడకి వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పొగక్క ఆ గుంపుకి దూరంగా, నీళ్ల సీసా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉంది. ఒక చప్పుడు నుంచి ఇంకో చప్పుడుకి తల తిప్పుతోంది. సెక్రటరీ దగ్గరికి వెళ్లాక, వాళ్లెవరికీ వినబడకుండా మెల్లగా అడిగింది.

"అన్నయ్యా, ఇది మంచి చప్పుడేనా?"

అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. ఈ మనిషికి ఇటుక చప్పుడు తెలీదు. చేతికొచ్చిన గెలుపుని, కుర్చీని, సొంతవాళ్లని, ఇన్నేళ్ల పేరుని తీసుకొచ్చి, బాగుందో లేదో తనకే తెలియని ఈ మట్టి ముక్క మీద పెట్టేసింది. పెట్టి, ఇన్ని రోజులూ ఆ వేడిలో గరిటె తిప్పుతూ కూర్చుంది. తను ఎన్ని సభల్లో ఈమెని నవ్వులపాలు చేశాడో, ఆ సభలన్నీ ఒక్కసారిగా ఎక్కడికో దూరంగా జరిగిపోయినట్టనిపించింది.

చేతిలో ఉన్న రెండు ఇటుకలూ ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె సీసా కింద పెట్టి, ఇటుకల్ని అటూ ఇటూ తిప్పి చూసి, భయం భయంగా, తలుపు తట్టినట్టు ఒకసారి కొట్టింది.

"గట్టిగా చెల్లెమ్మా" అన్నాడు.

ఆమె గట్టిగా కొట్టింది. విన్నది. మళ్లీ కొట్టింది.